మానడా? మానలేడా?



"ఫాదర్‌గారూ, మా వాడు మానలేకపోతున్నాడా? లేక మానకుండా మొండికేస్తున్నాడా? మీరే చెప్పండి." గృహ సందర్శనకు వెళ్లినప్పుడు తల్లులు వేసే ప్రశ్న ఇది. ఒకప్పుడు ఈ ప్రశ్నను భార్యలు తమ భర్తల తాగుడు గూర్చి అడిగేవారు. ఇప్పుడు తల్లులు తమ పిల్లల సెల్‌ఫోన్ ఆటల గూర్చి అడుగుతున్నారు. కుర్రవాడు ఇంటర్ చదువుతుంటాడు. రాత్రి రెండు గంటలకు కూడా దుప్పటి కింద వెలుగు కనబడుతుంది. పిలిస్తే "ఒక్క ఐదు నిమిషాలమ్మా" అంటాడు. అన్నం చల్లారిపోతుంది. ఫోన్ లాక్కుంటే తలుపు తన్నుతాడు. మరునాడు ఉదయం తానే వచ్చి "ఇక ఆడనమ్మా, మరియమ్మ తోడు" అని ఒట్టు వేస్తాడు. సాయంత్రానికి మళ్లీ మామూలే.

ప్రశ్న చిన్నది. కాని మనం ఇచ్చే జవాబును బట్టి ఇంట్లో జరిగేది మారిపోతుంది. "మానడు" అని తీర్పు చెప్పిన తండ్రి బెల్టు తీస్తాడు. "మానలేడు, అదొక జబ్బు" అని విన్న తల్లి కన్నీరు పెట్టుకొని చేతులు ముడుచుకుంటుంది. మూడో రకం వారు కూడా ఉన్నారు. వారు పిల్లవాడికి దయ్యం పట్టిందని ప్రార్థనా కూటముల చుట్టూ తిప్పుతారు. ఈ ముగ్గురి చేతుల్లోనూ పిల్లవాడు నలిగిపోతున్నాడు. కనుక ఈ వారం మనిషి మెదడును గూర్చి శాస్త్రజ్ఞులు తెలుసుకున్నదేమిటో, మనిషి చిత్తాన్ని గూర్చి శ్రీసభ పెద్దలు ఏనాడో చెప్పినదేమిటో పక్కపక్కన పెట్టి చూద్దాం. పాపసంకీర్తనలో విన్నవి గురువు ఎన్నడూ వ్రాయడు. ఇక్కడ చెప్పేవి పుస్తకాలలోనివి, ఇళ్లలో అందరి ముందూ మాట్లాడుకున్నవి మాత్రమే.

ముందుగా, రుగ్మత అని దేనిని అంటారు? 2019 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు రోగాల అంతర్జాతీయ వర్గీకరణ పదకొండవ కూర్పును ఆమోదించాయి. 2022 జనవరి నుండి అది అమలులోకి వచ్చింది. అందులో 'గేమింగ్ డిజార్డర్' అనే పేరు ఉంది. మనం ఆటల వ్యసన రుగ్మత అనుకుందాం. దానికి మూడు గుర్తులు చెప్పారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అనే అదుపు తప్పిపోవడం. చదువు, తిండి, నిద్ర, స్నేహం అన్నిటికంటె ఆటే ముఖ్యమైపోవడం. నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆట కొనసాగడం, ఇంకా పెరగడం. ఈ మూడూ కలసి, జీవితం నిజంగా దెబ్బతినేంతగా, సాధారణంగా 12 నెలలపాటు కనబడితేనే వైద్యుడు ఆ పేరు పెడతాడు. తీవ్రత ఎక్కువగా ఉంటే అంతకంటె ముందే పెట్టవచ్చు.

గమనించండి, రోజుకు ఇన్ని గంటలు అన్న లెక్క అందులో లేదు. వేసవి సెలవుల్లో నాలుగు గంటలు ఆడి, బడి తెరవగానే మానేసినవాడు రోగి కాడు. ఆడేవారిలో అత్యధికులు రోగులు కారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తమ గ్రంథంలో దీనిని ఇంకా పరిశీలించవలసిన స్థితిగా మాత్రమే చేర్చింది. 2017లో కొందరు పరిశోధకులు ఈ పేరు పెట్టడానికే అభ్యంతరం చెప్పారు. మామూలు పిల్లలను కూడా రోగులని ముద్ర వేస్తారని వారి భయం. ఆ భయం తీసిపారేయదగినది కాదు. మన ఊళ్లలో ఒకసారి ముద్ర పడితే తుడుచుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఆట చెడ్డదా?

కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మన భక్తిపరులలో కొందరు ఆటనే పాపంగా చూస్తారు. పునీత తోమాసు అక్వినాసు తమ మహా వేదాంత గ్రంథంలో ఆట గూర్చి ప్రత్యేకంగా వ్రాశారు. శరీరం అలసినప్పుడు విశ్రాంతి ఎలా కావాలో, ఆత్మ అలసినప్పుడు ఆట, వినోదం అలా కావాలన్నారు. అక్కడ సువార్తికుడైన పునీత యోహాను గారి కథ ఒకటి చెప్పారు. ఆయన శిష్యులతో ఆడుకుంటూ ఉండగా చూసి కొందరు ముక్కున వేలేసుకున్నారట. వారిలో ఒకడి చేతిలో విల్లు ఉంది. బాణం వేయమన్నారు యోహాను గారు. వేశాడు. మళ్లీ మళ్లీ వేయమన్నారు. ఇలా ఆపకుండా వేయగలవా అని అడిగితే, ఆపకపోతే విల్లు విరిగిపోతుందని వాడు చెప్పాడు. మనిషి మనసూ అంతేనని ఆయన జవాబు. తోమాసు గారు అక్కడితో ఆగలేదు. ఆటలో మితిమీరడం తప్పే, అసలు ఆటపాటలు లేకుండా ముఖం ముడుచుకొని కూర్చోవడమూ తప్పేనన్నారు. ఈ రెండవ మాట మన ఉపదేశాల్లో ఎందుకో వినబడదు.

2025 సెప్టెంబరు 7న పునీతుడిగా ప్రకటించబడిన ఇటలీ బాలుడు కార్లో అకుటిస్ కూడా వీడియో ఆటలు ఆడినవాడే. 2006లో 15 ఏళ్ల ప్రాయంలో రక్తపు కేన్సరుతో మరణించిన ఈ కుర్రవాడు ఆటను వారానికి ఒక గంటకు పరిమితం చేసుకున్నాడని తల్లి చెప్పారు. ఆ గంట ఎంత అన్నది నాకు ముఖ్యంగా తోచదు. ఆ హద్దును ఆట మధ్యలో కాకుండా ముందే గీసుకున్నాడన్నది ముఖ్యం. ఎందుకో చూద్దాం.

మెదడులో జరిగేది

1990ల్లో వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో కొన్ని నరకణాలను పరిశీలించారు. ఇవి డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు. కోతి నోట్లో అనుకోకుండా పండ్ల రసం చుక్క పడితే ఆ కణాలు చురుకుగా మోగాయి. తర్వాత ప్రతిసారీ రసానికి ముందు ఒక దీపం వెలిగించసాగారు. కొన్నాళ్లకు దీపం వెలగగానే కణాలు మోగడం మొదలైంది. రసం పడినప్పుడు మోత లేదు. దీపం వెలిగి కూడా రసం రాకపోతే, మామూలుగా ఉండే మోత కూడా తగ్గిపోయింది. అంటే డోపమిన్ అనేది చాలామంది అనుకొనేటట్టు సుఖపు రసం కాదు. "అనుకున్న దానికంటె ఎక్కువ వచ్చింది" లేదా "వచ్చేటట్టుంది" అని చెప్పే గంట అది. అనుకున్నది అనుకున్నట్టే వస్తే గంట మోగదు.

ఇప్పుడు ఆటను చూడండి. తలుపు తెరిస్తే తుపాకి దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఈ ఆటలో గెలవవచ్చు, వందో స్థానంలో పోవచ్చు. పెట్టె తెరిస్తే బంగారు రంగు వేషం రావచ్చు, చెత్త రావచ్చు. ఏది ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక గంట మోగుతూనే ఉంటుంది. అమెరికా మనస్తత్త్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాలతో ఇది ఏనాడో చూపించారు. ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో తెలియనప్పుడు పావురం ఎక్కువగా, ఆగకుండా పొడుస్తుంది. పేకాటరాయుడు తెల్లవారుజాము దాకా కదలకపోవడానికి కారణం ఇదే. ఆట తయారుచేసే వారికి ఈ సంగతి బాగా తెలుసు. డబ్బిచ్చి, లోపల ఏముందో తెలియకుండా కొనే అదృష్టపు పెట్టెలను బెల్జియం 2018లో జూదం చట్టం కిందకు తెచ్చింది.

1998లో లండన్ పరిశోధకులు ఎనిమిదిమంది ఆరోగ్యవంతులైన పురుషుల చేత ఒక ట్యాంకు ఆట ఆడించి, అదే సమయంలో వారి మెదడును స్కాను చేశారు. ఆట సమయంలో మెదడు లోపలి భాగంలో డోపమిన్ విడుదల పెరిగిందని తేలింది. బాగా ఆడిన వారిలో మరింత పెరిగింది. వీరు రోగులు కారని మరచిపోకండి. డోపమిన్ పెరగడమే రోగమైతే ఉగాదినాడు పచ్చడి కోసం ఎదురుచూసేవాడు కూడా రోగే! అది దేవుడు మనలో పెట్టిన మామూలు యంత్రాంగం. తల్లి రొమ్ము కోసం బిడ్డ వెతకడంలోనూ, చదువులో చిక్కు విడిపోయినప్పుడు విద్యార్థి పొంగిపోవడంలోనూ దానికి పాత్ర ఉంది.

మరొక సంగతి. కోరుకోవడం, ఇష్టపడటం రెండూ మెదడులో ఒకటి కావని కెంట్ బెరిడ్జ్ అనే అమెరికా శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా చూపిస్తూ వచ్చారు. వ్యసనంలో ఇష్టం తగ్గిపోతుంటే కోరిక పెరిగిపోతుంది. అందుకే ఈ పిల్లలు "అందులో మజా ఏమీ లేదు ఫాదర్, అయినా వదలలేకపోతున్నాను" అంటారు. తండ్రులకు ఇది అబద్ధంలా వినబడుతుంది. అది అబద్ధం కాకపోవచ్చు.

అలిపియుసు కళ్లు

ఇక్కడ పునీత అగుస్తీను గారి ఆత్మకథను గుర్తుచేయాలి. ఆరవ భాగంలో ఆయన తన స్నేహితుడు అలిపియుసు గూర్చి చెబుతారు. ఇద్దరిదీ ఒకే ఊరు. అలిపియుసు న్యాయశాస్త్రం చదవడానికి రోముకు వెళ్లాడు. మనుషులు మనుషులను చంపుకొనే కత్తియుద్ధపు ప్రదర్శనలు ఆ నగరంలో పెద్ద వినోదం. అతనికి అవంటే అసహ్యం. ఒకరోజు తోటి విద్యార్థులు బలవంతంగా లాక్కుపోయారు. శరీరం అక్కడున్నా మనసు అక్కడ ఉండదని ధీమాగా చెప్పి, కళ్లు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. ఒక యోధుడు కూలాడు. జనం ఒక్కసారిగా కేక పెట్టారు. ఆ కేక చెవిన పడింది, కళ్లు తెరుచుకున్నాయి. అంతే. ఆ తర్వాత తానే ఇతరులను వెంటబెట్టుకొని వెళ్లేంతవాడయ్యాడు. అతను చెవులు కూడా మూసుకొని ఉంటే ఎంత బాగుండేదో అంటారు అగుస్తీను గారు.

2009లో తైవాన్ పరిశోధకులు ఆన్‌లైన్ ఆటకు బానిసలైన పదిమందిని, కాని పదిమందిని ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టి ఆ ఆట బొమ్మలు చూపించారు. ఆడించలేదు, కేవలం చూపించారు. బానిసలైన వారిలో కోరికకు, ప్రతిఫలానికి సంబంధించిన మెదడు భాగాలు ఎక్కువగా చురుకైనాయి. మాదకద్రవ్యాలకు అలవాటుపడినవారికి ఆ వస్తువులను చూపినప్పుడు కనబడే భాగాలతో ఇవి చాలావరకు కలుస్తాయి. అలిపియుసు చెవిన పడిన కేక, మన కుర్రవాడి ఫోన్‌లో టింగుమని వచ్చే పిలుపు ఒకటే పని చేస్తున్నాయి. పక్కింటి స్నేహితుడు "వస్తావా, స్క్వాడ్‌లో ఒకడు తక్కువయ్యాడు" అని పంపే సందేశం కూడా అంతే.

కోరిక ఒక వైపు. రెండవ వైపు కళ్లెం. మన నుదుటి వెనుక ఉన్న మెదడు ముందుభాగం ఆలోచించి ఆపే పనిలో ముఖ్యమైనది. సత్యోపదేశ తరగతుల్లో పిల్లల చేత ఆడించే "కాకి ఎగిరింది, పావురం ఎగిరింది" ఆట గుర్తుందా? పక్షి పేరు చెప్పినప్పుడల్లా చేయి లేపాలి. "గేదె ఎగిరింది" అనగానే చేయి లేపినవాడు ఓడిపోతాడు. వేగంగా సాగే చేతిని ఆపడం ఎంత కష్టమో అందులో తెలుస్తుంది. పరిశోధకులు పెట్టే పరీక్ష కూడా ఇంచుమించు ఇదే. తెరపై గుర్తులు వేగంగా వస్తుంటాయి. మీట నొక్కుతూ ఉండాలి. ఒక్క గుర్తు వచ్చినప్పుడు మాత్రం ఆగాలి. ఆటల వ్యసనం ఉన్నవారు ఇలాంటి పరీక్షల్లో తడబడినట్టు, ఆపే పనికి సంబంధించిన ముందుభాగం పనితీరులో తేడా ఉన్నట్టు అనేక అధ్యయనాల్లో కనబడింది. దీనినే తొందరపాటు గుణం అంటున్నారు. అసలు ఈ ముందుభాగం పూర్తిగా పరిణతి చెందేది ఇరవై ఐదేళ్ల ప్రాంతానికి. పదహారేళ్లవాడికి కోరికల గుర్రం సిద్ధంగా ఉంటుంది, కళ్లెం ఇంకా అల్లుతూ ఉంటారు.

నిర్ణయాల సంగతి మరీ ఆసక్తికరం. 1994లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వారు పేకముక్కల పరీక్ష ఒకటి ప్రకటించారు. నాలుగు దొంతరలు ఉంటాయి. రెండింటిలో ప్రతి ముక్కకు పెద్ద లాభం, కాని అప్పుడప్పుడు దానిని మించిన నష్టం. మిగతా రెండింటిలో చిన్న లాభం, ఇంకా చిన్న నష్టం. మామూలు మనిషి కొన్ని పదుల ముక్కలు తీశాక చిన్న లాభపు దొంతరల వైపు మళ్లుతాడు. మెదడు ముందుభాగం కింది వైపు దెబ్బతిన్న రోగులు మాత్రం నష్టపోతూనే పెద్ద లాభపు దొంతరలను వదలలేదు. తెలివితేటలకు లోటు లేదు, లెక్కలు బాగా చేయగలరు, అయినా అంతే. ఆటల వ్యసనం ఉన్నవారిపై ఇలాంటి పరీక్షలు జరిపితే, అన్నింటిలో కాదు గాని చాలా వాటిలో, నష్టదాయకమైన ఎంపికలు ఎక్కువగా కనబడ్డాయి. రేపటి పెద్ద బహుమానం కంటె ఇప్పటి చిన్నదాని వైపు వీరు త్వరగా మొగ్గుతారని కూడా తేలింది. ఆదికాండంలో ఏసావు చేసింది ఇదే కదా! వేటాడి అలసి వచ్చాడు, ఆకలి దహిస్తోంది, పప్పు వంటకం వాసన వస్తోంది. ఆ క్షణంలో జ్యేష్ఠత్వపు హక్కు ఎక్కడో దూరాన ఉన్న మాట.

అయితే ఒక హెచ్చరిక. "మెదడు స్కాన్‌లో తేలింది" అన్న మాట విని తలలు వంచేయకండి. ఆ యంత్రం ఆలోచనను ఫొటో తీయదు. మెదడులో ఏ భాగానికి రక్తం ద్వారా ప్రాణవాయువు ఎక్కువగా అందుతోందో కొలుస్తుంది. పరీక్షించిన గుంపులు చాలావరకు చిన్నవి. వారిలో అధికులు చైనా, దక్షిణ కొరియా యువకులు. అన్నిటికంటె ముఖ్యంగా, ఎక్కువ అధ్యయనాలు ఒక్కసారి చూసి చెప్పినవి. ఆట వలన కళ్లెం సడలిందా, కళ్లెం సడలినవాడే ఆటలో చిక్కుకున్నాడా అన్నది అలాంటి పరీక్ష చెప్పలేదు. బహుశా రెండూ కలసి ఉంటాయి. మనసు కుంగిపోయినవారు, ఒకచోట ధ్యాస నిలపలేని పిల్లలు ఈ ఊబిలో ఎక్కువగా కనబడుతున్నారు. ఆట రోగమా లేక లోపలి బాధకు పూసుకొన్న మందా అని ప్రతి ఇంట్లోనూ విడిగా అడగాలి.

చిత్తం సంగతి

ఇంత విన్నాక "అయితే అంతా మెదడేనా, ఆత్మ ఎక్కడ?" అని మీరు అడగవచ్చు. తోమాసు గారి బోధనలో ఆత్మ అంటే లారీ క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరు కాదు. ఆత్మ, దేహం కలసి ఒకే మనిషి. మన బుద్ధి పనిచేయడానికి జ్ఞాపకం, ఊహ కావాలి. వాటికి శరీరం కావాలి. అందుకే నిద్రలో, తీవ్ర జ్వరంలో మన తీర్పు చెదిరిపోతుంది. కనుక వ్యసనంలో మెదడు మారుతుందని వింటే విశ్వాసికి ఆశ్చర్యం కలగనక్కరలేదు.

సెమినరీలో అరిస్టాటిల్ నీతిశాస్త్రం ఏడవ భాగం చదివేటప్పుడు మాలో చాలామందికి అది ఎండుగడ్డిలా అనిపించేది. ఇప్పుడు అది గృహ సందర్శనల్లో పనికివస్తోంది. మంచి ఏదో తెలిసి కూడా చేయలేనివారిని ఆయన రెండు రకాలుగా విడదీశాడు. మొదటివాడు అసలు ఆలోచించకుండానే దూకుతాడు. రెండవవాడు ఆలోచిస్తాడు, మంచి నిర్ణయం తీసుకుంటాడు, కాని కోరిక ఎదురుపడగానే ఆ నిర్ణయం మీద నిలబడలేడు. తోమాసు గారు ఈ విభజనను స్వీకరించి, ఒకటి దుడుకుతనం, మరొకటి బలహీనత అన్నారు. మరో ముఖ్యమైన మాట కూడా చెప్పారు. చెడును మంచిదని నమ్మి చేసేవాడు వేరు, బలహీనతతో పడిపోయి తర్వాత బాధపడేవాడు వేరు. రెండవవాడిని బాగుచేయడం సులభం, ఎందుకంటే అతని తీర్పు ఇంకా చెడిపోలేదు. రాత్రి ఆడి, ఉదయం ఏడ్చే పిల్లవాడి ఒట్టు దొంగ ఒట్టు కాదన్నమాట. ఉదయం వాడు నిజమే చెబుతున్నాడు. సాయంత్రం ఫోన్ మోగినప్పుడు ఉదయం ఉన్న బలం వాడి దగ్గర లేదు.

అగుస్తీను గారు తన ఆత్మకథ ఎనిమిదవ భాగంలో దీనిని గొలుసుతో పోల్చారు. వంకర చిత్తం నుండి మోహం, మోహానికి లొంగడం నుండి అలవాటు, అలవాటును ఎదిరించకపోవడం నుండి విధిలేనితనం. ఒక కడియానికి మరో కడియం తగులుకొంటూ గొలుసైంది. చివరి కడియం దగ్గర నిలబడి చూస్తే "మానలేడు". మొదటి కడియం దగ్గర చూస్తే "మానలేదు". 1992లో రెండవ జాన్‌పాల్ పోపుగారు వెలువరించిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా 1735వ సంఖ్యలో ఇదే విచక్షణ చూపింది. అజ్ఞానం, భయం, అలవాటు, మితిమీరిన మమకారం, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించవచ్చు, ఒక్కొక్కప్పుడు పూర్తిగా తీసివేయవచ్చు అంటుంది.

కనుక ఆ తల్లికి నా జవాబు ఇది. అమ్మా, రాత్రి పదకొండు గంటలకు, ఆట మధ్యలో, మీ వాడు దాదాపు మానలేడు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఫోన్ చేతిలో లేనప్పుడు, చాలావరకు మానగలడు. వాడి స్వేచ్ఛ చచ్చిపోలేదు, ఆ వేళలో అది బతికే ఉంది. మనం మాట్లాడవలసింది ఆ వేళలోనే. మన ఇళ్లలో జరుగుతున్నది సరిగ్గా తలక్రిందులు. మధ్యాహ్నం ఎవరూ ఏమీ అనరు. రాత్రి పదకొండింటికి తండ్రి లేచి ఉపన్యాసం మొదలుపెడతాడు.

ఇంటి మాటలు

ఈ ఆటల్లో కొన్నింటిని మధ్యలో ఆపడానికి వీలు ఉండదు. తుపాకుల ఆట ఒక విడత అరగంట పడుతుంది. నలుగురు జట్టుగా ఆడుతుంటారు. మధ్యలో ఫోన్ లాక్కుంటే మీ వాడు ముగ్గురు స్నేహితులకు ద్రోహం చేసినవాడవుతాడు, అందుకే ఆ తన్నులు, ఆ అరుపులు. నిమిషాలతో కాక విడతలతో ఒప్పందం చేసుకోండి. "సాయంత్రం రెండు ఆటలు, మూడోది మొదలుపెట్టకూడదు" అన్నది వాడు నిలుపుకోగల మాట. మూడో ఆట మొదలుపెట్టకపోవడం, మూడో ఆటను మధ్యలో ఆపడం కంటె పదిరెట్లు తేలిక. ఆ ఒప్పందం పగటిపూట, కోపం లేనప్పుడు, వాడి నోటితోనే చెప్పించి వ్రాయించండి.

పిలుపుల మోత ఆపించండి. రాత్రి అన్ని ఫోన్లూ వంటింట్లో ఒక గూటిలో పెట్టండి. అన్నీ అన్నాను, నాన్నగారిది కూడా. జపమాల చెప్పుకొనేటప్పుడు తండ్రి ఒక కన్ను వాట్సాప్ మీద వేసే ఇంట్లో కొడుకుకు నీతి చెప్పడం కష్టం. ఆట తీసేసినచోట ఖాళీ వదిలేయకండి. క్రికెట్టో, గాయక బృందమో, యువజన సంఘమో, నాన్నతో పొలానికి వెళ్లడమో ఏదో ఒకటి ఆ సాయంత్రపు గంటలో నిలబడాలి. మన విచారణల్లో ఒక మాట మనమే వేసుకోవాలి: దేవాలయ ఆవరణలో పిల్లలు బంతి ఆడితే గోడలు పాడవుతాయని గేటుకు తాళం వేసేది ఎవరు?

ప్రభుత్వ నిషేధాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2020 సెప్టెంబరులో పబ్‌జీని నిషేధించినప్పుడు తల్లులు సంతోషించారు. ఆ నిషేధానికి చెప్పిన కారణం దేశ భద్రత, పిల్లల నిద్ర కాదు. 2021లో అదే తరహా ఆట వేరే పేరుతో వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పిల్లవాడి ఆటలోకి డబ్బు వచ్చిందని తెలిసిన రోజు ఇక ఆలస్యం చేయకండి. కుటుంబ అవసరాలకు కావలసినది హరించే జూదం నైతికంగా అంగీకరించరానిదని సత్యోపదేశం స్పష్టంగా చెబుతోంది.

పాపసంకీర్తనకు వచ్చే యువకులకు ఒక్క మాట. "మళ్లీ చేయను" అన్న తీర్మానం రేపటి మీ మనసు ఎలా ఉంటుందో చెప్పే జోస్యం కాదు. అలా అనుకొని, మళ్లీ పడిపోగానే సిగ్గుతో రావడం మానేస్తున్నారు. తీర్మానం అంటే పాపానికి దారితీసే సందర్భాన్ని వదులుకోవడానికి ఈ రోజు చేసే పని. "ఫాదర్, ఈ రోజు ఆ ఆటను ఫోన్‌లో నుండి తీసేశాను, సంకేతపదం అక్క చేతికిచ్చాను" అన్నవాడి తీర్మానం గట్టిది, వాడు వచ్చే వారం తడబడినా సరే.

నిద్ర, చదువు, తిండి నెలల తరబడి చెడిపోయినా, పిల్లవాడు చచ్చిపోతానని ఒక్కసారి అన్నా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. అది విశ్వాసలోపం కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ సాంకేతిక పరికరాల వ్యసనం కోసం 2014లోనే ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది. అంత దూరం వెళ్లలేనివారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట తల్లి ఒక్కతే మాట్లాడినా చాలు. పిల్లవాడు ఒప్పుకొనేదాకా ఆగనక్కరలేదు.